కుడి చేతికి మూడో రాయి

పెద్దామె నాకు మొట్టమొదట అప్పజెప్పిన పని వంట కాదు, గుడ్డలుతకడం కాదు. ఒక గోరీకి నీళ్లు పోసి రమ్మంది.

పెద్దామె అంటే నేను పనిచేసే ఇంటి అవ్వ. ఒమాన్‌లో మస్కట్ నుంచి కారులో రెండున్నర గంటలు ఉత్తరానికి పోతే సముద్రం పక్కన ఈ ఊరు వస్తుంది. మసీదు వీధి, చేపల సంత, ఖర్జూరం తోటలు, అంతే ఊరు. తూర్పున సముద్రం, పడమట ఎక్కడో దూరంగా కొండలు. అంతకు ముందు నేను మస్కట్‌లోనే రూవి అనే పేటలో ఒక మలయాళీ డాక్టరమ్మ ఇంట్లో మూడేళ్లు చేశాను. అక్కడ కిటికీ తీస్తే మనుషులే మనుషులు. ఇక్కడికి వచ్చిన మొదటి వారం కాకి అరుపు తప్ప ఇంకేమీ వినపడక, నాకు చెవుడు గాని వచ్చిందా అని మిక్సీ ఆన్ చేసి చూసుకున్నాను.

ఇంట్లో పెద్దామె, ఆమె కొడుకు, కోడలు, కాలేజీ చదివే మనవరాలు. పెద్దామె నన్ను "యా బింతీ" అని పిలుస్తుంది, అంటే ఓ నా కూతురా అని. నేను ఆమెను మామా అంటాను. ఇక్కడ ఇంటి ఆడమనిషిని అట్లాగే పిలవాలి. మా కడప వైపు మామ అంటే మొగుడి తండ్రి. కొత్తలో మామా అన్నప్పుడల్లా నా కళ్లకు మీసాలు కనపడేవి.

మా ఇద్దరికీ నడిచే భాష సగం అరబ్బీ, సగం హిందీ, మిగతాది చేతులు. అందులో ఏది ఏ భాషలో అన్నామో ఇప్పుడు నేను చెప్పలేను. మాట మాత్రం మరిచిపోలేదు. ఆ రోజు రంజాన్ పండగ రేపనగా, ఆమె పెరట్లో రెండు కొమ్మలు తుంచి నా చేతిలో పెట్టింది. వాళ్లు రైహాన్ అంటారు, వాసన చూస్తే మన రుద్రజడే.

"తోట దాటు, ఎండిపోయిన కాలవ దాటు. ముళ్ల చెట్ల కింద రాళ్లుంటాయి, ఒకే వరసలో ఏడు. తల వైపు నిలబడు. కుడి చేతికి మూడో రాయి. ముళ్లు ఏరేయి, నీళ్లు పోయ్, ఈ కొమ్మలు పెట్టు."

"ఎవరిది మామా?"

"మా అమ్మకు పాలిచ్చినామెది."

సరే అని బిందె తీసుకుని పోయాను. రాళ్లు ఉన్నాయి, ఏడే ఉన్నాయి. మోకాలెత్తు కూడా లేవు, చిల్లులు పడిన సముద్రపు రాయి. ఒకదాని మీద మాత్రం ఏదో గీసినట్టుంది, మిగతావాటిని గాలీ ఇసుకా నాకేశాయి. ప్రతి రాయి దగ్గరా ఉత్తర దక్షిణాలుగా మనిషి పొడుగున మట్టి కుంగి ఉంది. కానీ రాళ్లు మట్టికి ఈ కొసన కాదు, ఆ కొసన కాదు, ఒరిగిపోయి, కొన్ని మధ్యలోకి దొర్లి, తల ఏదో కాళ్లు ఏవో చెప్పే తీరులో లేవు.

నాకు దాంతో పని కూడా పడలేదు. పోయినవాళ్ల తల దక్షిణానికి. మా ఊళ్లో అడగకపోయినా చెబుతారు. నేను తిన్నగా దక్షిణం కొసన నిలబడ్డాను. కుడి చేయి సముద్రం వైపు వచ్చింది. అటు నుంచి ఒకటి, రెండు, మూడు. ముళ్లు ఏరాను, నీళ్లు పోశాను, కొమ్మలు పెట్టాను, కొంగు సర్దుకుని దండం పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి "చేశాను మామా" అన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది.

అట్లా నాలుగేళ్లు.

ఆ గోరీలు యూదులవని రెండో ఏడు పెద్దామె చెబితే నాకు తెలిసింది. యూదులంటే మా ఊరి చర్చి మైకులో పాస్టరు చెప్పే కథల్లో విన్నదే. కథల్లో మనుషులకు గోరీలుంటాయని, అవి నేను రోజూ చేపల సంచి పట్టుకుని నడిచే దోవ పక్కనే ఉంటాయని నేను అనుకోలేదు. ఎవరినైనా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట. కిరాణా కొట్టు నడిపే కోళికోడ్ మలయాళీ ఆయన, అవి యూదులవి కావు, పాత రోజుల్లో ఓడల మీద వచ్చిన పోర్చుగీసు సిపాయిలవి అంటాడు. మసీదు పక్క ఇంటామె, ఏదో జబ్బు చేసి ఒకే వారంలో పోయిన బాటసారులవి అంటుంది. ఇటుకల ఫ్యాక్టరీలో పికప్ నడిపే జగిత్యాల అబ్బాయి ఒకడున్నాడు, నన్ను అక్కా అంటాడు. వాడి మాట వాడిది.

"అక్కా, గీ జాగల నీకేం పని? భయమైతలేదా?"

"ఏడు రాళ్లకు భయమేందిరా నాయనా. ఇంటినిండా మనుషులుంటేనే భయం."

"గట్లగాదు. మొన్న మా ఫోర్‌మన్ చెప్పిండు, గీడ బంగారం పాతిపెట్టిన్రట."

"అయితే తవ్వుకో పో. సగం నాది."

పెద్దామె చెప్పిన కథ వేరే. ఆమె తలకు నూనె రాసేటప్పుడు, గోరింటాకు పెట్టేటప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్లు బస్రా వైపు నుంచి పడవల మీద వచ్చారట. ఎప్పుడొచ్చారో ఆమెకు తెలియదు, ఆమె అమ్మకూ తెలియదు. వెండి పని చేసేవాళ్లు. ఇక్కడి ఆడవాళ్ల పాత కడియాలు, తాయెత్తు డబ్బీలు సగం వాళ్ల చేతివేనట. శనివారం పొయ్యి అంటించరట. పెద్దామె అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు పోయి వాళ్లకు అంటించి వచ్చేదట. శనివారం మేమూ ఒక్కపొద్దు ఉంటాం గాని పొయ్యి జోలికి పోం కదా, పొయ్యికేం పాపం అని నేనంటే పెద్దామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వాళ్ల పొయ్యికి కూడా ఆ రోజు సెలవు" అంది.

పెద్దామె అమ్మ పుట్టిన మూడో రోజున తల్లి జ్వరంతో పోయింది. పక్కింటి వెండి పనివాడి భార్యకు అప్పుడు ఒళ్లో పిల్ల ఉంది. ఆమె ఆ పిల్లకు ఒక వైపు, ఈ పిల్లకు ఒక వైపు ఇచ్చింది, రెండేళ్లు. ఇక్కడి కట్టుబాటు ఏమంటే, పాలు తాగితే బిడ్డే. పాలిచ్చిన తల్లి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్లతో పెళ్లి కుదరదు, మతం ఏదైనా సరే. తరువాత ఆ వెండి పనివాళ్లు ఒక్కొక్క ఇల్లుగా ఓడలెక్కి పోయారు. ఎటు పోయారంటే పెద్దామె చెయ్యి సముద్రం వైపు ఊపింది. పాలిచ్చినామె అంతకు ముందే పోయింది కాబట్టి ఇక్కడే ఉండిపోయింది. చూసేవాళ్లు లేరు. అందుకని పెద్దామె అమ్మ బతికున్నన్నాళ్లూ ఏటా పండగ ముందు ఒక బిందె నీళ్లు. ఆమె పోతూ కూతురికి చెప్పమన్న మాట, "తల వైపు నిలబడు, కుడి చేతికి మూడో రాయి."

కథ ఇంతే. నాకు తెలిసిందీ ఇంతే. ఇందులో ఏది ఎంత నిజమో ఇప్పటికీ నాకు తెలియదు.

ఈ ఏడు పండగ అయిపోయిన నెలకు పెద్దామెకు ఆయాసం ఎక్కువైంది. మస్కట్ తీసుకుపోయి చూపిస్తే గుండెకు ఆపరేషన్ అన్నారు. వయసు చెప్పమంటే కొడుకు ఒకటి చెప్పాడు, ఆమె ఇంకొకటి చెప్పింది, డాక్టరు మూడోది రాసుకున్నాడు. ఇంటికి వచ్చాక ఆమె మనవరాలిని మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది. నేను కాళ్లు పిసుకుతున్నాను.

"నేను తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. పోయే లోపల నీకు ఆ రాయి చూపించి పోవాలి. లేకపోతే అక్కడ మా అమ్మకు ఏం చెప్పను?"

"మాటలతో చెప్పు హబ్బూ, నేను కనుక్కుంటాను" అంది పిల్ల. హబ్బూ అంటే అవ్వ.

"కొండల వైపు నుంచి మూడోది" అంది పెద్దామె.

నా చేతులు ఆమె పిక్క మీదే ఆగిపోయాయి. నేను పోసేది సముద్రం వైపు నుంచి మూడోదానికి.

"తల వైపు అంటివే మామా?" అన్నాను, గొంతు మామూలుగా పెట్టుకుని.

"అదే కదా. తల ఉత్తరానికి. అటు నిలబడితే కుడి చేయి కొండల వైపే వస్తుంది."

పిల్ల నాకు విడమరిచి చెప్పింది. నన్ను ఖాలా అంటుంది, పిన్ని అన్నట్టు. "మా వాళ్లను కుడి పక్కకు తిప్పి పడుకోబెడతారు ఖాలా, మొహం మక్కా వైపు ఉండాలి కదా. మక్కా పడమర. అందుకని ఇక్కడ తల ఉత్తరానికి వస్తుంది."

నేను తలూపాను. కాళ్లు పిసకడం మళ్లీ మొదలుపెట్టాను. లోపల మాత్రం ఏడు రాళ్లు గిర్రున తిరుగుతున్నాయి. ఏడింటిలో ఇటు నుంచి మూడోది అటు నుంచి అయిదోది అవుతుంది. అయిదే రాళ్లు ఉన్నట్టయితే ఏ కొస నుంచి లెక్కబెట్టినా మూడోది మూడోదే, ఏ గొడవా ఉండేది కాదు. వాళ్లు ఇంకో ఇద్దరు పోయారు చూడు.

మరునాడు పొద్దున వంట కాకముందే మా చెల్లెలికి ఫోన్ చేశాను. ఊళ్లో ఉండేది అదే.

"ఏమే, మనోళ్లకు తల దక్షిణానికే కదా పెట్టేది?"

"అవు. ఎందుకు, యాడైనా ఎవరన్నా పోయినారా?"

"ఎవరూ పోలేదులే. అడిగినా."

"దక్షిణానికే. అమ్మకు మటుకు కుదర్లేదక్కా. గట్టు అడ్డమొచ్చింది, కింద బండ పడింది. పెద్దోళ్లే కూచోని, పోనీలే అని తల ఉత్తరానికి తిప్పి పెట్టినారు. నీకు చెప్పింటి కదా?"

చెప్పలేదు. అమ్మ పోయినప్పుడు నేను రూవిలో ఉన్నాను, కాగితాలు చేతిలో లేక పోలేకపోయాను. ఆ తరువాత సెలవుకు పోయినప్పుడు సమాధి దగ్గర దక్షిణం కొసన కూర్చుని, అమ్మ తల దగ్గర కూర్చున్నాననే అనుకుని, అరగంట ఆమెతో మాట్లాడి వచ్చాను. అంటే కాళ్లతో మాట్లాడాను.

"ఏందక్కా, ఉండావా?"

"ఉండాలే. గిన్నె మాడుతాంది, పెడతా" అన్నాను. పొయ్యి మీద గిన్నె లేదు.

పెద్దామెను సాయంత్రం రాళ్ల దగ్గరికి తీసుకుపోవాలి. నా కొమ్మలు, నెల కిందటివి, సముద్రం వైపు రాయి మీద ఎండిపోయి ఉంటాయి. ఆమె చూస్తుంది. చేపల సంచి వంకతో ముందే పోయాను. కొమ్మలు చేతిలోకి తీసుకున్నాను. రెండు రాళ్లు అవతల పెట్టేస్తే అయిపోతుంది. నాలుగేళ్లూ అక్కడే పోశానని ఆమె అనుకుంటుంది, నిమ్మళంగా ఆపరేషన్‌కు పోతుంది. రెండు అడుగులు వేశాను కూడా. అంతలో, ఈ రాయి కింద ఉన్నామె నాకేం చెడు చేసింది అనిపించింది. ఆడో మగో కూడా తెలియదు. నాలుగేళ్లుగా ఏటికొక బిందె నీళ్లు ఎవరు పోస్తున్నారా అని ఆ మనిషి అనుకుంటూ ఉండవచ్చు. ఇప్పుడు పెట్టిన కొమ్మ కూడా ఎత్తుకుపోతే ఏమనుకోవాలి? మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టి వచ్చాను. చేపలు కొనడం మరిచిపోయాను, ఇంట్లో తిట్లు తిన్నాను.

సాయంత్రం జగిత్యాల అబ్బాయి పికప్ తెచ్చాడు. కాలవ దాకా బండి పోయింది. అక్కడ నుంచి ఇసుక. పెద్దామెను తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనొక వైపు వాడొక వైపు ఎత్తాం. పిల్ల బిందె పట్టుకుంది.

"అవ్వ మస్తు లైట్ ఉన్నదక్కా. మా ఫ్యాక్టరీల రెండు ఇటుకలంత."

"ఏమంటున్నాడు?" అంది పెద్దామె.

"నువ్వు బరువు లేవంటున్నాడు మామా."

"నా నోరు బరువు, చెప్పు వాడికి."

రాళ్ల దగ్గర దింపగానే ఆమె చూసింది. కళ్లు మసకే గాని రుద్రజడ ఎండు కొమ్మ కనపడకుండా ఉండదు. కర్ర ఎత్తి చూపించింది.

"అదేమిటి అక్కడ?"

నేను ఆమె కుర్చీ ముందు ఇసుకలో కూర్చుని అంతా చెప్పాను. మా ఊళ్లో తల దక్షిణానికని, నేను అటు కొసన నిలబడ్డానని, నాలుగేళ్లు సముద్రం వైపు దానికే పోశానని. చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది.

ఆమె తిట్టలేదు. "లేచి నిలబడు, నువ్వు ఎక్కడ నిలబడ్డావో అక్కడ" అంది. పోయి దక్షిణం కొసన నిలబడ్డాను. ఆమె కుర్చీ ఉత్తరం కొసన వేయించుకుంది. "ఇప్పుడు కుడి చెయ్యి చాపు." చాపాను. ఆమె కూడా చాపింది. నా చెయ్యి సముద్రానికి, ఆమె చెయ్యి కొండలకు. మధ్యలో పిల్ల బిందెతో నిలబడి ఇద్దరినీ చూస్తోంది.

"మా దిక్కు గూడ తల దక్షిణమే, చెప్పు అవ్వకు" అన్నాడు జగిత్యాల అబ్బాయి. "ఓట్లేస్తె మనం ఇద్దరం, ఆమె ఒక్కతి."

"నువ్వు ఊరుకో నాయనా, ఆమె నవ్వాలో ఏడవాలో తెలియకుండా ఉంది."

పిల్ల బిందె కింద పెట్టి ఫోన్ తీసింది. ఏదో చదువుకుంది, ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరిగింది. తరువాత మెల్లగా అంది.

"హబ్బూ, వీళ్లు మన వాళ్లు కాదు కదా. మన తల లెక్క వీళ్లకు పనిచేయదేమో. కొన్నిచోట్ల యూదులు వాళ్ల పుణ్యక్షేత్రం వైపు కాళ్లు పెట్టి పడుకోబెడతారట, లేచినప్పుడు అటే నడిచి పోవడానికి. అది ఇక్కడి నుంచి అదిగో అటు, వాయవ్యం. అట్లాగైతే తల ఖాలా నిలబడిన వైపు వస్తుంది." మళ్లీ ఫోన్ చూసింది. "అన్నిచోట్లా అట్లా కాదట. ఒక్కోచోట ఒక్కో తీరట."

పెద్దామె చాపిన చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మ ఏ తల చెప్పింది?" అంది. మమ్మల్ని అడిగినట్టు లేదు.

"నువ్వు చిన్నప్పుడు వచ్చావు కదా హబ్బూ?"

"వచ్చాను. అమ్మ ముందు నడిచింది, నేను ఆమె గౌను పట్టుకుని వెనక నడిచాను. నాకు గౌనే కనపడింది. ఆకుపచ్చది. పద్నాలుగేళ్లకు పెళ్లి చేసి, సముద్రం అవతల ఆఫ్రికా వైపు జంజిబార్ పంపారు. తిరిగి వచ్చేసరికి అమ్మ లేదు. ఆ మాట నాకు మోసుకొచ్చింది మా పిన్ని. మాట ఒక్కటే నా చేతికొచ్చింది. రాయిని నేను వెతుక్కున్నాను, మన లెక్కన."

నాకు అప్పుడు అర్థమైంది, నాలుగేళ్లు తప్పు రాయికి పోసినదాన్ని నేను కావచ్చు, నలభై ఏళ్లు తప్పు రాయికి పోసింది ఆమె కావచ్చు. ఇద్దరమూ తప్పు కావచ్చు. నా తప్పు ఒప్పయితే బాగుండునని కూడా అనుకోలేకపోయాను. ఆమె మొహం చూస్తే అట్లా అనుకోబుద్ధి కాలేదు.

కుర్చీ కొండల వైపు రాయి దగ్గరికి వేయమంది. వంగి దాన్ని అరచేత్తో తడిమింది. "నువ్వు ఎవరు తల్లీ?" అంది. అక్కడి నుంచి సముద్రం వైపు దాని దగ్గరికి మోయించుకుంది. దాన్ని తడమలేదు. నా ఎండు కొమ్మను వేలితో కదిపి చూసింది. "ఇన్నేళ్లూ నిన్ను దాహంతో ఉంచానా? నువ్వు ఆమెవి కాకపోతే, మరి ఎవరివి?"

ఆ తరువాత నా వైపు తిరిగింది. "నిన్న నేను కొండల వైపని చెప్పేసరికి నీకు తెలిసిపోయింది కదా?"

"తెలిసింది మామా."

"ఈ కొమ్మ తీసి అటు పెట్టుకోవచ్చు కదా."

"పొద్దున వచ్చి తీశాను. మళ్లీ పెట్టాను."

"ఎందుకు?"

"ఈమెకేం చెప్పాలో తెలియలేదు."

ఆమె కర్రతో ఇసుక మీద కొట్టి మనవరాలిని పిలిచింది. "అటుదానికి నీళ్లు పోయ్. ఇటుదానికీ పోయ్."

"రెండింటికీ పోస్తె నడుమల ఉన్నామె ఏమనుకుంటది?" అన్నాడు జగిత్యాల అబ్బాయి. నేను అరబ్బీలో చెప్పాను. పెద్దామె గట్టిగా నవ్వింది, నవ్వి దగ్గింది, మేమందరం భయపడ్డాం. ఊపిరి తిప్పుకుని, "దానికి కూడా" అంది.

పిల్ల పోసింది. బిందె నీళ్లు మూడింటికి చాలీచాలక, చివరిదానికి అడుగు మిగులు మాత్రం వచ్చింది. పోసిన చోటే ఇసుక పీల్చేసింది, ఒకదాని నీళ్లు ఇంకోదానికి ఒక్క బెత్తెడు కూడా పారలేదు. తెచ్చిన కొమ్మ ఒకటే. దాన్ని నేను మూడు తుంపులు చేశాను.

"ఇప్పుడు నేను చెప్పేది చెప్పు" అంది పెద్దామె పిల్లతో. "మూడు, నాలుగు, అయిదు."

"మూడు, నాలుగు, అయిదు."

"ఎటు నిలబడి?"

పిల్ల ఈ కొస నుంచి వేలితో లెక్కబెట్టింది, ఆ కొస నుంచి లెక్కబెట్టింది. "ఎటు నిలబడినా అవే హబ్బూ."

"అంతే. తల మాట ఇక ఎవరికీ చెప్పొద్దు."

కుర్చీ ఎత్తేటప్పుడు ఆమె నా చెవి దగ్గర అంది, "మా అమ్మ ఒప్పుకుంటుందంటావా?" నాకు తెలియదు మామా అన్నాను. "నాకూ తెలియదు" అంది.

నాలుగో రోజున మస్కట్ తీసుకుపోయారు. ఆపరేషన్ అయింది. ఇంకా అక్కడే రెండో కొడుకు ఇంట్లో ఉంది, ఎప్పుడు వస్తుందో ఒకరు ఒకటి చెబుతారు. ఫోన్‌లో నన్ను అడిగే మాట ఒకటే. నీళ్లకు పండగ దాకా ఆగొద్దు, ఎండ ఎక్కువగా ఉంది, పోశావా అని. పోశాను అంటాను. ఎవరికి అని ఆమె అడగదు, నేను చెప్పను. బిందె సమంగా మూడింటికి పంచాలనే పోతాను. పోసేటప్పుడు మాత్రం సముద్రం వైపు దానికి ఒక చెంబెడు ఎక్కువ పడుతుంది, ఎందుకో చెయ్యి అక్కడ నెమ్మదిస్తుంది. తరువాత మధ్యదానికి సర్దడానికి చాలవు. ఇంకో బిందెకు ఇంటికి వచ్చి మళ్లీ పోతాను.